పిడికెడు బియ్యం, చెంచాడు వెనిగర్ – థ్యాంక్స్‌గివింగ్ వెనుక సైనికుడు

అది 1777 డిసెంబర్ 18. బ్రిటన్ మీద స్వాతంత్ర్య యుద్ధం చేస్తున్న జార్జ్ వాషింగ్టన్ సైన్యం పెన్సిల్వేనియాలో, వ్యాలీ ఫోర్జ్‌కి వెళ్లే దారిలో చలికి వణుకుతూ ఆగి ఉంది. చాలామంది కాళ్లకు బూట్లు లేవు. రెండు మూడు రోజులుగా కడుపులో తిండి లేదు. ఆ రోజు దేశమంతా దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకోవాలని అప్పటి అమెరికా చట్టసభ కాంటినెంటల్ కాంగ్రెస్ ప్రకటించింది, కాబట్టి సైనికులకు ప్రత్యేకంగా విందు ఉంటుందని కబురు వచ్చింది. అప్పటికి 17 ఏళ్లున్న జోసెఫ్ ప్లమ్ మార్టిన్ అనే సైనికుడు ఆ విందు గురించి ముసలితనంలో రాసుకున్నాడు. మనిషికి అర గిల్ బియ్యం, అంటే మన లెక్కలో పిడికెడు. దాంతో పాటు ఒక చెంచాడు వెనిగర్. అంతే.

విందయ్యాక ప్రసంగం. మేమేం చేయాలని సైనికులు అడిగినప్పుడు బాప్తిస్మమిచ్చే యోహాను ఇచ్చిన జవాబు బైబిల్‌లో ఒకటుంది. ఎవరి మీదా దౌర్జన్యం చేయకండి, ఎవరి మీదా తప్పుడు నింద వేయకండి అని. బోధకుడు అక్కడితో ఆపేశాడు. ఆ వాక్యంలో చివరి ముక్క ఇంకొకటుంది: మీ జీతంతో తృప్తి పడండి. జీతాలు సరిగ్గా అందని మనుషుల ముందు ఆ మాట పలకడానికి పాపం ఆయనకు నోరు రాలేదేమో. ప్రసంగం ముగిసిందో లేదో, ఆయన మింగేసిన ఆ ముక్కని వంద గొంతులు కలిసి అరిచాయని మార్టిన్ రాశాడు.

అమెరికా మొత్తానికీ కలిపి ప్రకటించిన మొదటి థ్యాంక్స్‌గివింగ్, అంటే కృతజ్ఞతల పండగ, ఇది. కానీ ఈ కథ బడిలో వినిపించదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో చదివే తెలుగు పిల్లలు నవంబర్‌లో ఇంటికి తెచ్చే బొమ్మలు చూడండి. ఇంగ్లండ్ నుంచి ఓడలో వలస వచ్చిన నల్ల టోపీల పిల్‌గ్రిమ్‌లు, ఈకల తలపాగాల స్థానికులు, మధ్యలో అరచేతి ఆకారంలో గీసిన టర్కీ కోడి. తల్లిదండ్రులకి అది నాలుగు రోజుల సెలవు, బ్లాక్ ఫ్రైడే సేల్. ఆ బొమ్మలో ఉన్నది పూర్తిగా అబద్ధమని కాదు గానీ, ప్రభుత్వ సెలవుగా థ్యాంక్స్‌గివింగ్ పుట్టింది ఆ పిల్‌గ్రిమ్‌ల విందు బల్ల దగ్గర కాదు. యుద్ధంలో పుట్టింది.

1621లో ప్లిమత్‌లో జరిగిన ఆ పిల్‌గ్రిమ్‌ల విందు గురించి ఆ కాలంలోనే రాసిన ముఖ్యమైన ఆధారం ఎడ్వర్డ్ విన్‌స్లో రాసిన ఒక ఉత్తరం. అందులో ఈ విషయానికి దక్కింది ఒక్క పేరా. మేఫ్లవర్ ఓడలో వచ్చిన 102 మందిలో దాదాపు సగం మంది మొదటి శీతాకాలంలోనే పోయారు. మిగిలినవాళ్లకు టిస్క్వాంటం అనే స్థానికుడు మొక్కజొన్న వేయడం నేర్పాడు. పంట చేతికొచ్చింది. వలసవాసులు పిట్టల్ని వేటాడారు, ఆయుధాల సాధన చేశారు. అక్కడి వాంపనోగ్ తెగ నాయకుడు మాసాసోయిట్ సుమారు 90 మందితో వచ్చి అయిదు జింకల్ని తెచ్చాడు. మూడు రోజులు తిన్నారు. ఉత్తరంలో ఎక్కడా దీన్ని థ్యాంక్స్‌గివింగ్ అనలేదు.

అనకపోవడానికి కారణం ఉంది. ఆనాటి ప్యూరిటన్‌ల, అంటే ఆ నియమనిష్ఠల క్రైస్తవుల దృష్టిలో పంట విందు వేరు, థ్యాంక్స్‌గివింగ్ దినం వేరు. మొదటిది ధాన్యం ఇంటికొచ్చాక మనం చేసుకునే సంక్రాంతి లాంటిది: తిండి, ఆటలు, చుట్టాలు. రెండోది మొక్కు తీర్చుకోవడం లాంటిది. ఏదైనా గండం గడిచినప్పుడు అధికారులు ఒక రోజు ప్రకటిస్తారు, ఊరంతా చర్చికి వెళ్లి గంటల తరబడి ప్రార్థన చేస్తుంది. కరువో ఓటమో ఎదురైతే ఉపవాస దినం, వర్షమో గెలుపో వస్తే కృతజ్ఞతా దినం. క్యాలెండర్‌లో దానికి స్థిరమైన తేదీ లేదు. దేవుడు చేసిన మేలుని బట్టి తేదీ.

ఆ మేలు చాలాసార్లు యుద్ధరూపంలోనే వచ్చింది. 1637లో మిస్టిక్ దగ్గర పీకాట్ తెగ ఊరిని తగలబెట్టి ఆడవాళ్లనీ పిల్లల్నీ కూడా చంపిన తర్వాత, ఆ యుద్ధంలో గెలుపుకి మసాచుసెట్స్‌లో థ్యాంక్స్‌గివింగ్ జరిపారు. 1676లో, ప్లిమత్ విందుకు వచ్చిన మాసాసోయిట్ కొడుకు మెటాకామ్‌తోనే యుద్ధం నడుస్తుండగా, జూన్ 29ని కృతజ్ఞతా దినంగా మసాచుసెట్స్ కాలనీలో ప్రకటించారు. అరచేతి టర్కీ బొమ్మలో ఈ భాగం ఉండదు. 1970 నుంచి ఏటా థ్యాంక్స్‌గివింగ్ రోజునే ప్లిమత్‌లో స్థానిక తెగలవాళ్లు సంతాప దినం జరుపుతున్నారు. వాళ్లకి ఈ భాగం బాగా గుర్తుంది.

మార్టిన్ పిడికెడు బియ్యం తిన్న ఆ రోజు కూడా ఒక గెలుపు పేరు మీదే వచ్చింది. 1777 అక్టోబర్ 17న సారటోగాలో బ్రిటిష్ జనరల్ బర్గోయిన్ లొంగిపోయాడు. పదిహేను రోజులకి, నవంబర్ 1న, కాంగ్రెస్ ఈ ప్రకటన చేసింది. రాసింది శామ్యూల్ ఆడమ్స్. ఆ ప్రకటనని ఇప్పుడు చదివితే ఒక మాట దగ్గర ఆగిపోతాం. సైన్యాధిపతులకీ వాళ్ల కింద ఉన్నవాళ్లందరికీ వివేకం, ధైర్యం ఇవ్వమని దేవుణ్ని అడుగుతారు. ఎందుకంటే వాళ్లు ఆయన చేతిలో తగిన పనిముట్లు కావాలి. పనిముట్టుకి ఎవరైనా థ్యాంక్స్ చెబుతారా? నాగలికి పూజ చేస్తాం గానీ అది వేరే సంస్కృతి. అక్కడ దండం దున్నించినవాడికే.

థ్యాంక్స్‌గివింగ్ చరిత్ర మొత్తంలో గమనించాల్సింది ఇదే అనిపిస్తుంది. రోజు అదే, మాట అదే, కానీ ఎవరికి కృతజ్ఞత చెబుతున్నారన్నది నెమ్మదిగా మారింది. మొదట సైనికుడు గెలిస్తే దేవుడికి చెప్పారు. ఇప్పుడు సైనికుడికే చెబుతున్నారు. ఈ మలుపు ఎక్కడ వచ్చిందో దాదాపు తేదీతో సహా చెప్పొచ్చు.

అంతకుముందు మధ్యలో ఒక వందేళ్ల కథ ఉంది, దాన్ని త్వరగా దాటొచ్చు. 1789లో అధ్యక్షుడిగా వాషింగ్టన్ నవంబర్ 26, గురువారాన్ని కృతజ్ఞతా దినంగా ప్రకటించాడు. యుద్ధం ముగిసి రాజ్యాంగం వచ్చినందుకు. అప్పుడే ప్రతినిధుల సభలో దక్షిణ కరోలైనాకి చెందిన థామస్ టకర్ అడ్డు చెప్పాడు: ఈ రాజ్యాంగం మేలు చేస్తుందో లేదో జనం ఇంకా చూడనే లేదు, చూడకుండానే థ్యాంక్స్ చెప్పమనడం ఏమిటని. న్యాయమైన ప్రశ్నే. మూడో అధ్యక్షుడు జెఫర్సన్ ప్రభుత్వానికి దేవుడి విషయంతో పనేంటని అసలు ఏ ప్రకటనా చేయలేదు. బ్రిటన్‌తో 1812లో మొదలైన యుద్ధం ముగిశాక 1815లో మాడిసన్ మళ్లీ ఒకసారి ప్రకటించాడు. ఆ తర్వాత జాతీయ స్థాయిలో దాదాపు అర్ధ శతాబ్దం ఏమీ లేదు. రాష్ట్రాలు ఎవరికి తోచిన రోజున వాళ్లు జరుపుకున్నాయి, ముఖ్యంగా ఉత్తరాదిన, న్యూ ఇంగ్లండ్‌లో.

దీన్ని మళ్లీ దేశం మొత్తానికి పండగ చేయాలని పట్టుబట్టింది సారా జొసీఫా హేల్. 'మేరీ హ్యాడ్ ఎ లిటిల్ లాంబ్' అని మన కాన్వెంట్ పిల్లలు పాడే పద్యం రాసింది ఈమే. 1822లో భర్త పోయాడు, చేతిలో అయిదుగురు పిల్లలు. తర్వాత జీవితమంతా నల్ల బట్టలే కట్టింది. ఆడవాళ్ల పత్రికకి సంపాదకురాలై, 1846 నుంచి ఏటా దీని మీద సంపాదకీయాలు రాసింది, గవర్నర్‌లకీ అధ్యక్షులకీ ఉత్తరాలు రాస్తూనే ఉంది. దేశమంతా ఒకే రోజు ఒకే బల్ల దగ్గర కూర్చుంటే ఉత్తరం, దక్షిణం విడిపోవనేది ఆమె ఆశ. అందరూ ఒప్పుకోలేదు. 1856లో వర్జీనియా గవర్నర్ హెన్రీ వైజ్ దీన్ని నాటకమని తీసిపారేశాడు. బానిసత్వం రద్దు చేయాలనే ఉత్తరాది బోధకులు ఆ రోజు చర్చిల్లో చేసే ప్రసంగాలంటే ఆయనకి మంట. ఆమె ఆశ ఫలించలేదు, 1861లో ఉత్తరాదికీ దక్షిణాదికీ మధ్య అంతర్యుద్ధం వచ్చింది. పండగని చివరికి తెచ్చింది కూడా ఆ యుద్ధమే.

యుద్ధంలో రెండు వైపులా కృతజ్ఞతా దినాలు జరిగాయి, ఒకే దేవుడికి. రెండో మనాసస్ గెలుపు తర్వాత దక్షిణాది అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ 1862 సెప్టెంబర్ 18ని ప్రకటించాడు. తీరా ఆ రోజు వచ్చేసరికి, ముందురోజే ఆంటీటమ్ దగ్గర ఒక్క రోజులో సుమారు 23,000 మంది చనిపోవడమో, గాయపడటమో, జాడ తెలియకుండా పోవడమో జరిగింది.

1863 జూలైలో గెటిస్‌బర్గ్, విక్స్‌బర్గ్ రెండింటిలోనూ ఉత్తరాది గెలిచింది. లింకన్ వెంటనే ఆగస్టు 6ని కృతజ్ఞతా దినంగా ప్రకటించాడు. భూమ్మీదా నీటి మీదా సైన్యానికి విజయాలు ఇచ్చినందుకు అని అందులో నేరుగానే ఉంది. ఇది చాలామందికి గుర్తుండదు, ఎందుకంటే అదే ఏడాది రెండోది వచ్చింది. సెప్టెంబర్ 28న హేల్ లింకన్‌కి ఉత్తరం రాసింది. అయిదు రోజులకి, అక్టోబర్ 3న, నవంబర్ చివరి గురువారాన్ని ప్రకటించారు. సరిగ్గా 1789లో వాషింగ్టన్ ప్రకటన మీద ఉన్న తేదీ కూడా అక్టోబర్ 3నే. రాసింది విదేశాంగ మంత్రి విలియం స్యూవర్డ్.

ఈ రెండో ప్రకటన స్వరం వేరు. పొలాలు పండాయని, గనులు పనిచేస్తున్నాయని, శిబిరాల్లో, ముట్టడుల్లో, యుద్ధభూముల్లో అంతమంది పోయినా జనాభా పెరిగిందని లెక్క చెబుతుంది. ఇవేవీ మనిషి ఆలోచనతో, మనిషి చేతులతో జరిగినవి కావని, దేవుడి వరాలని అంటుంది. తర్వాత వితంతువుల్నీ అనాథల్నీ బాధితుల్నీ కాపాడమని ప్రార్థించమంటుంది. గెటిస్‌బర్గ్‌లో మూడు రోజుల్లో రెండు వైపులా కలిపి 50,000 మంది దాకా నేలకొరిగారో గాయపడ్డారో కనిపించకుండా పోయారో. అది జరిగిన మూడు నెలలకి, 'మనిషి చేతులతో కాదు' అని రాయడం ఇప్పటి పాఠకుడికి కాస్త గుచ్చుకుంటుంది. అప్పటి భక్తిలో అది అవమానం కాదు. గొప్పలు చెప్పుకోకూడదనే వినయం. అయినా సైనికుడికి మాత్రం ఇంకా ఆ ప్రకటనలో చోటు వితంతువు ద్వారానే దొరికింది, అంటే చచ్చిపోయాకే.

మలుపు వచ్చింది మరుసటి ఏడాది. 1864లో ఉత్తరాది సేనాధిపతి గ్రాంట్ సైన్యం వర్జీనియాలో పీటర్స్‌బర్గ్ చుట్టూ కందకాల్లో ఇరుక్కుని ఉంది. నవంబర్ మొదట్లో న్యూయార్క్‌లోని యూనియన్ లీగ్ క్లబ్ తరఫున జార్జ్ బ్లంట్ పత్రికల్లో ఒక విజ్ఞప్తి వేయించాడు. నవంబర్ 24న వర్జీనియాలోని ప్రతి సైనికుడికీ, ప్రతి నావికుడికీ థ్యాంక్స్‌గివింగ్ భోజనం పంపాలి, డబ్బు ఇవ్వండి, లేదంటే వండిన కోళ్లు, మాంసం, పైలు, పళ్లు పంపండి అని. కోశాధికారి థియోడర్ రూజ్వెల్ట్, తర్వాత అధ్యక్షుడైన రూజ్వెల్ట్‌కి తండ్రి. 50,000 డాలర్లకి పైగా చందాలు వచ్చాయి. టర్కీలు ఓడలకొద్దీ గ్రాంట్ స్థావరమైన సిటీ పాయింట్‌కి చేరాయి. కొన్ని ఆలస్యమయ్యాయి, కొన్ని దారిలో పాడయ్యాయి, ఇలాంటి ఏర్పాట్లలో మామూలే.

ఇక్కడ జరిగింది చిన్న మార్పు కాదు. చర్చి పీట మీద కూర్చుని దేవుడికి చెప్పే కృతజ్ఞత, ఇక్కడ మొదటిసారి ఇంత పెద్ద ఎత్తున పొట్లం కట్టి కందకంలో ఉన్న కుర్రాడి చేతిలో పెట్టే వస్తువైంది. ఏ ప్రభుత్వ ప్రకటనా ఆ పని చేయలేదు. చందాలు పోగేసుకుని జనమే చేశారు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా దిగుల్లేదంటారు. పీటర్స్‌బర్గ్ కందకాలు కడబంతి కాక మరేమిటి. దీన్ని చూసి దక్షిణాదివాళ్లు కూడా 1865 కొత్త సంవత్సరానికి లీ సైన్యానికి విందు పంపాలని చూశారు. కానీ అప్పటికి వాళ్ల దగ్గర పంపడానికి ఏమీ మిగల్లేదు, సైనికుల చేతికి అందింది అరకొరే.

యుద్ధం అయిపోయాక మాత్రం ఈ పుట్టుక కథ ఇబ్బందిగా మారింది. ఓడిపోయిన దక్షిణాదిలో చాలామందికి ఇది యాంకీల, అంటే ఉత్తరాదివాళ్ల పండగ. గెలుపు జ్ఞాపకాన్ని పట్టుకుని కూర్చుంటే దేశమంతా కలిసి తినలేదు. అందుకే రెండువైపులా నొప్పి లేని కథ ఒకటి కావలసి వచ్చింది. అలాంటిది అప్పటికే ఒకటి సిద్ధంగా ఉంది. 1841లో అలెగ్జాండర్ యంగ్ విన్‌స్లో ఉత్తరాన్ని మళ్లీ అచ్చు వేస్తూ, ఇదే మొదటి థ్యాంక్స్‌గివింగ్ అని కింద ఒక అధోజ్ఞాపిక రాశాడు. అంతర్యుద్ధం తర్వాతి దశాబ్దాల్లో ఆ అధోజ్ఞాపిక పాఠ్యపుస్తకాల్లోకి, బొమ్మల్లోకి, బడి నాటకాల్లోకి ఎక్కింది. ఐరోపా నుంచి లక్షల్లో వలస వస్తున్న కాలం కూడా అదే. వచ్చినవాళ్ల పిల్లలకి 'మీలాగే ఓడలో వచ్చినవాళ్లు' అని చెప్పడానికి పిల్‌గ్రిమ్‌లు బాగా పనికొచ్చారు. వాళ్ల బల్ల ముందు కూర్చున్న వాంపనోగ్‌లకి తర్వాత ఏమైందో చెప్పకుండా ఉంటేనే అది కుదురుతుంది. కుదిరింది కూడా.

తేదీ ఖాయమవడం వెనక కూడా యుద్ధం నీడ ఉంది, దానికి ముందు కాస్త వ్యాపారం ఉంది. 1939లో నవంబర్‌కి అయిదు గురువారాలు వచ్చాయి. చివరి గురువారం 30న. క్రిస్మస్ కొనుగోళ్లకి రోజులు తగ్గుతాయని డిపార్ట్‌మెంట్ స్టోర్ల వాళ్లు టెన్షన్ పడ్డారు. అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ పండగని వారం ముందుకు, 23వ తేదీకి జరిపాడు. దేశం రెండుగా చీలింది. 23 రాష్ట్రాలు కొత్త తేదీ, 22 పాత తేదీ, టెక్సాస్ సహా మిగతావి రెండు రోజులూ సెలవు ఇచ్చాయి. తిథి ద్వయం వచ్చినప్పుడు పంచాంగకర్తల మధ్య జరిగే గొడవ మనకి కొత్త కాదు. జనం ఎగతాళిగా దీన్ని ఫ్రాంక్స్‌గివింగ్ అన్నారు. రెండేళ్లకి అమ్మకాలేమీ పెరగలేదని ప్రభుత్వమే ఒప్పుకుంది. చివరికి నాలుగో గురువారం అని చట్టం చేసి, రూజ్వెల్ట్ సంతకం పెట్టింది 1941 డిసెంబర్ 26న. పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగి అప్పటికి 19 రోజులు.

అక్కణ్నుంచి టర్కీ సైన్యం వెంట ప్రయాణం మొదలుపెట్టింది. న్యూయార్క్‌లో మేసీస్ ఊరేగింపు 1942 నుంచి మూడేళ్లు ఆగిపోయింది, ఆ బెలూన్ల రబ్బరు యుద్ధ అవసరాలకి పోయింది. 1944లో ఐరోపాలో ఉన్న ప్రతి అమెరికా సైనికుడికీ టర్కీ అందాలని అక్కడి సేనాధిపతి ఐసెన్‌హోవర్ ఆదేశం. 1950 నవంబర్ 23న కొరియాలో, చోసిన్ సరస్సు దారిలో ఉన్న మెరైన్‌లకి గడ్డకట్టిన టర్కీలు వచ్చాయి. వాటిని వంట పొయ్యిల చుట్టూ పేర్చి, పైన డేరాలు కప్పి కరిగించారు. పళ్లెంలో గ్రేవీ నోటిదాకా వచ్చేలోపే గడ్డకట్టేది. నాలుగు రోజులకి, 27 రాత్రి, చైనా సైన్యం వాళ్లని చుట్టుముట్టింది. బతికి వచ్చినవాళ్లలో చాలామంది ఆ భోజనాన్ని చివరిదాకా చెప్పుకున్నారు. ఆ తర్వాత వాళ్లకి దొరికిన వేడి తిండి చాలా తక్కువ మరి.

అమెరికా స్థావరాల్లో ఈ రోజున ఇంకో ఆచారం ఉంది. పెద్ద అధికారులు యూనిఫామ్ మీద ఏప్రన్ కట్టుకుని, తెల్ల టోపీ పెట్టుకుని, కింది స్థాయి సైనికులకి స్వయంగా వడ్డిస్తారు. మిగతా 364 రోజులు సెల్యూట్ కొట్టే కుర్రాడు ఆ రోజు కర్నల్ చేత 'ఇంకొంచెం వేయమంటావా' అనిపించుకుంటాడు. పాత ప్రకటనల్లో కనపడని కృతజ్ఞత ఈ గరిటెలో కనిపిస్తుంది. అధ్యక్షులు కూడా ఈ వరుసలో చేరారు. 1990లో సీనియర్ బుష్ సౌదీ అరేబియాకి, 2003లో జూనియర్ బుష్ ఎవరికీ చెప్పకుండా బాగ్దాద్‌కి, 2019లో ట్రంప్ అఫ్గానిస్తాన్‌లోని బాగ్రామ్‌కి వెళ్లారు. బాగ్దాద్‌లో బుష్ చేతుల్లో నిగనిగలాడే టర్కీ పళ్లెం ఉన్న ఫొటో ప్రపంచమంతా తిరిగింది. అది బల్ల మీద అలంకారానికి పెట్టినదని, సైనికులకి వడ్డించింది మామూలు ట్రేలలోంచి అని తర్వాత తేలింది.

సైనికుడికి నేరుగా థ్యాంక్స్ చెప్పడం ఇంత విస్తృతంగా మారింది గత యాభై ఏళ్లలోనే. 1973లో నిర్బంధ సైనిక సేవ ఆగిపోయింది. అంతకుముందు ప్రతి వీధిలో ఒకరు సైన్యంలో ఉండేవారు. సొంత కొడుక్కి ఎవరూ థ్యాంక్స్ చెప్పరు, అన్నం పెడతారు. ఇప్పుడు జనాభాలో ఒక శాతం కూడా యూనిఫామ్‌లో లేరు. సైనికుడు దూరమై ఎవరో బయటి మనిషి అయ్యేకొద్దీ మాట అవసరం పెరిగింది. వియత్నాం నుంచి తిరిగొచ్చినవాళ్లని సరిగ్గా ఆదరించలేదనే అపరాధ భావం దానికి తోడైంది. 2001 సెప్టెంబర్ 11 తర్వాత విమానాశ్రయాల్లో, స్టేడియంలలో 'థాంక్యూ ఫర్ యువర్ సర్వీస్' నిత్యం వినిపించే మాటైంది. విన్న సైనికుల్లో కొందరికి సంతోషం, కొందరికి ఇబ్బంది. ఏం సమాధానం చెప్పాలో తెలీదంటారు.

మాట సంగతి సరే, పళ్లెం సంగతి? 2022లో అమెరికా రక్షణ శాఖ ఒక నివేదిక ఇచ్చింది. 2020లో పూర్తికాలపు సైనిక సేవలో ఉన్నవాళ్లలో 24 శాతం మంది ఆహార భద్రత లేని ఇళ్ల లెక్కలోకి వచ్చారు. రెండు మూడేళ్లకోసారి బదిలీ, దాంతో భార్యకో భర్తకో ఉద్యోగం నిలవదు, పిల్లల సంరక్షణ ఖర్చు ఎక్కువ. స్థావరాల దగ్గర స్వచ్ఛంద సంస్థలు నవంబర్‌లో టర్కీతో పాటు సరుకుల పెట్టెలు పంచుతుంటే జూనియర్ ర్యాంకుల కుటుంబాలు కార్లలో వరుస కడతాయి.

ఆపరేషన్ హోమ్‌ఫ్రంట్ అనే సంస్థ ఏటా ఇలా పంచే భోజనాలు 2009లో మొదలయ్యాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని యుటికాలో, ఒక సూపర్‌మార్కెట్‌లో, ఒక సైనికుడు, అతని భార్య, చంకలో పసిబిడ్డ బిల్లు కౌంటర్ దగ్గర నిలబడ్డారు. బల్ల మీద పెట్టినవి కొద్దిపాటి సరుకులే. వాటికి కూడా డబ్బు చాల్లేదు. అక్కడున్న ఒక అపరిచితుడు ఆ బిల్లు కట్టాడు.